నాలుగు తీగల ప్రమాణం: అజయ్ భట్, యూఎస్‌బీ కథ

సరిహద్దు గ్రామాల సంతలకు ఒక పాత జ్ఞాపకం ఉంది. తెలుగు సీమలో తవ్వ, సోల, మానిక. తమిళ సీమలో పడి. కన్నడ సీమలో సేరు. పేరు ఒకటే అయిన చోట కూడా పరిమాణం ఊరూరికీ మారేది. లెక్క తెలిసినవాడు లాభపడేవాడు, తెలియనివాడు నష్టపోయేవాడు. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసి, 1958 నుండి అంచెలంచెలుగా మెట్రిక్ పద్ధతిని అమలు చేసిన తరువాత కిలో, లీటరు, మీటరు అన్ని ఊళ్ళకూ ఒక్కటే అయ్యాయి. భాష వేరైనా కొలత వేరు కాకపోవడం ఎంతటి మేలో సరిహద్దు ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు.

సరిగ్గా అటువంటి మార్పే 1996లో కంప్యూటరు యంత్రాల లోకంలో మొదలైంది. నేడు ఇంట్లో ఫోను ఛార్జరుకూ, కంప్యూటరు కేంద్రంలో పెన్‌డ్రైవ్‌కూ, పాఠశాలలో ప్రింటరుకూ, కారులో పాటల పెట్టెకూ కనిపించే చిన్న దీర్ఘచతురస్రపు ద్వారమే ఆ మార్పు. దాని పేరు యూఎస్‌బీ, అంటే యూనివర్సల్ సీరియల్ బస్. పేరులోనే అర్థం ఉంది. ‘యూనివర్సల్’ అనగా అన్ని పరికరాలకూ చెందినది. ‘సీరియల్’ అనగా సమాచారం ఒకదాని వెనుక ఒకటిగా వరుసలో నడిచేది. ‘బస్’ అనగా అనేక పరికరాలు పంచుకునే ఉమ్మడి దారి. ఈ దారి వేసిన బృందంలో ప్రముఖుడు గుజరాత్ నుండి వెళ్ళిన భారతీయ ఇంజనీరు అజయ్ భట్. ఆయన అనుభవాన్ని తెలుసుకుంటే, ఒక యంత్ర భాగం లోకమంతటా ఎలా పాకిందో, దాని మేలు ఏమిటో, అది మిగిల్చిన చిక్కు ఏమిటో అర్థమవుతుంది.

వడోదర నుండి కాలిఫోర్నియాకు

అజయ్ భట్ 1957లో జన్మించారు. వడోదరలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పట్టా పొంది, అమెరికా వెళ్ళి, న్యూయార్క్ సిటీ కాలేజీలో స్నాతకోత్తర విద్య ముగించారు. కొంతకాలం మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాంగ్ కంప్యూటరు సంస్థలో పనిచేసి, 1990లో ఇంటెల్ సంస్థలో చేరారు. కాలిఫోర్నియాలోని ఫాల్సమ్ పట్టణంలో ఉన్న ఆ సంస్థ కేంద్రంలో కంప్యూటరు నిర్మాణ రూపశిల్పిగా ఆయన ఉద్యోగం సాగింది. ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, తెర, బయటి పరికరాలు పరస్పరం ఏ విధంగా మాట్లాడుకోవాలో నిర్ణయించడమే ఆ ఉద్యోగ సారాంశం. చిత్రాలను తెరకు వేగంగా పంపే ఏజీపీ, నేటికీ కంప్యూటరు లోపలి కార్డులకు ఆధారమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ వంటి నిర్దేశాల రూపకల్పనలోనూ ఆయనకు పాత్ర ఉంది. కానీ సామాన్యుని చేతికి అందినది యూఎస్‌బీ.

తీగల అడవి

ఆయన ఉద్యోగంలో చేరిన కాలానికి సొంత కంప్యూటరు వెనుక భాగం చూస్తే భయం కలిగేది. కీబోర్డుకు గుండ్రని అయిదు సూదుల ద్వారం. మౌస్‌కు, మోడెమ్‌కు తొమ్మిది లేక ఇరవై అయిదు సూదుల సీరియల్ ద్వారం. ప్రింటరుకు ఇరవై అయిదు రంధ్రాల సమాంతర ద్వారం. ఆటల పిడికి పదిహేను రంధ్రాల ద్వారం. స్కానరు కొంటే చాలాసార్లు దానితో పాటు ఒక ప్రత్యేక కార్డు కూడా కొని, కంప్యూటరు పెట్టె విప్పి, లోపల అమర్చవలసి వచ్చేది.

తీగ కలిపితే పని పూర్తి కాదు. ప్రతి పరికరమూ ప్రాసెసరును పిలవడానికి ఒక ‘పిలుపు గంట’ కావాలి. ఆనాటి కంప్యూటర్లలో అటువంటి గంటలు మొత్తం పదహారే. వాటిలో అనేకం గడియారం, కీబోర్డు, డిస్కుల వంటి లోపలి అవసరాలకే కేటాయించి ఉండేవి. మిగిలిన కొద్ది గంటలలో ఒకే గంటను శబ్దపు కార్డూ, మోడెమూ రెండూ వాడబోతే కంప్యూటరు నిశ్చేష్టమయ్యేది. కార్డు మీది చిన్న లోహపు తొడుగులను చేతితో మార్చి గంటను మార్చుకోవాలి. పరికరం కలపాలన్నా తీయాలన్నా ముందు యంత్రాన్ని ఆపాలి, తిరిగి మొదలుపెట్టాలి. నేర్పరి లేని ఇంట ప్రింటరు కొనడమంటే తలనొప్పి కొనుక్కోవడమే.

భారతీయ భాషలలో పుస్తకాలు, కరపత్రాలు అచ్చు వేసే డీటీపీ కేంద్రాల వారికి కూడా ఈ బాధ తెలుసు. ఆనాటి భాషా సాఫ్ట్‌వేర్లలో అనేకం ‘డాంగిల్’ అనే తాళంతో వచ్చేవి. దానిని ప్రింటరు ద్వారానికి తగిలించి, దాని వెనుక ప్రింటరు తీగను తగిలించాలి. ఒక సాఫ్ట్‌వేర్ తాళం వెనుక ఇంకొక సాఫ్ట్‌వేర్ తాళం తోకలా వేలాడేది. తరువాతి కాలంలో ఆ తాళాలు కూడా యూఎస్‌బీ రూపానికే మారాయి.

ఇంటిలో పుట్టిన ప్రశ్న

అజయ్ భట్‌కు ఆలోచన కలిగినది ప్రయోగశాలలో కాదు, ఇంటిలో. ఇంటి కంప్యూటరుకు ప్రింటరును అనుసంధానించడంలో తన కుటుంబం పడిన తిప్పలే తనను ఈ దారి పట్టించాయని ఆయన పలు ముఖాముఖీలలో చెప్పారు. కంప్యూటరు నిర్మించే ఇంజనీరు ఇంట్లోనే ఇంత కష్టమైతే సామాన్యుని గతి ఏమిటన్నది ఆయన ప్రశ్న. గోడలోని విద్యుత్తు ప్లగ్గును ఆయన ఉదాహరణగా తీసుకున్నారు. దీపమైనా పంకా అయినా ఒకే రంధ్రంలో పెడతారు, మీట వేస్తారు, పని జరుగుతుంది. విద్యుత్తు ఎక్కడ పుట్టిందో వాడేవారు తెలుసుకోనక్కరలేదు. కంప్యూటరు పరికరం ఆ విధంగా ఎందుకు ఉండకూడదు?

ఈ ఆలోచనకు వెంటనే మన్నన దొరకలేదు. సంస్థలో తొలుత చెప్పిన చోట ఆసక్తి కనిపించకపోవడంతో ఆయన అదే సంస్థలో మరొక విభాగానికి మారి, అక్కడ తన ప్రయత్నం సాగించారు. సంశయించినవారిని పూర్తిగా తప్పుపట్టలేము. పాత ద్వారాలతో పనిచేసే పరికరాలు అప్పటికే లక్షల ఇళ్ళలో ఉన్నాయి. ఒక్క సంస్థ కొత్త ద్వారం పెడితే దానికి తగిన ప్రింటరు ఎవరు చేస్తారు? ప్రింటరు లేకపోతే ఆ ద్వారం ఎవరు పెడతారు? ఈ చిక్కుముడి విప్పడానికి ఒకే దారి ఉంది: యంత్రం చేసేవారు, సాఫ్ట్‌వేర్ రాసేవారు, పరికరాలు చేసేవారు ఒకేసారి ఒక మాట మీద నిలవాలి.

ఏడు సంస్థల పొత్తు

1994లో ఏడు సంస్థలు ఈ పనికి చేతులు కలిపాయి: కాంపాక్, డెక్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్ఈసీ, నార్టెల్. వీటిలో కొన్ని అంగడిలో పరస్పరం పోటీదారులు. కంప్యూటరు చేసేవారూ, చిప్పు చేసేవారూ, ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవారూ, టెలిఫోను యంత్రాల వారూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇంటెల్ బృందంలో అజయ్ భట్‌తో పాటు బాల సుదర్శన్ కదంబి, జెఫ్ మోరిస్, షాన్ నోల్, షీలా కాలహన్ ముఖ్యులు. 2013లో యూరోపియన్ పేటెంట్ కార్యాలయం ఇచ్చే యూరోపియన్ ఇన్వెంటర్ పురస్కారం, ఐరోపాయేతర దేశాల విభాగంలో, ఈ అయిదుగురికీ కలిపి లభించింది. ఒక్కరి పేరుతో ప్రచారమైనా ఇది ఉమ్మడి శ్రమ.

1996 జనవరిలో యూఎస్‌బీ 1.0 నిర్దేశం వెలువడింది. అందులో రెండు వేగాలు ఉండేవి. సెకనుకు 15 లక్షల బిట్ల నెమ్మది వేగం కీబోర్డు, మౌస్ వంటి వాటికి. సెకనుకు 1 కోటి 20 లక్షల బిట్ల పూర్తి వేగం ప్రింటరు, స్కానరు వంటి వాటికి. రెండు వేగాలు ఎందుకంటే, నెమ్మది పరికరానికి చవక తీగ సరిపోతుంది. మౌస్ ధర పెరగకూడదన్నదే ఆ నిర్ణయంలోని కారణం. ఈ కథలో ప్రతి మలుపులోనూ ధర అనే మాట మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

నాలుగు తీగలు చేసే పని

యూఎస్‌బీ 2.0 వరకు తీగ లోపల నాలుగే తీగలు. రెండు విద్యుత్తుకు, రెండు సమాచారానికి. విద్యుత్తు 5 వోల్టులు. పాత పెద్ద ప్లగ్గు లోపలికి తొంగి చూస్తే నాలుగు బంగారు రంగు పట్టీలు కనిపిస్తాయి. వాటిలో అంచున ఉన్న రెండూ కొంచెం పొడవు, నడుమ ఉన్న రెండూ కొంచెం పొట్టి. ఇది పొరపాటు కాదు. ప్లగ్గు పెట్టినప్పుడు పొడవు పట్టీలు ముందుగా తగిలి పరికరానికి విద్యుత్తు అందుతుంది, ఆ తరువాతే సమాచారపు పట్టీలు తగులుతాయి. తీసేటప్పుడు ముందుగా సమాచారం తెగుతుంది, తరువాత విద్యుత్తు. యంత్రం నడుస్తుండగానే పరికరాన్ని పెట్టి తీయగలగడం వెనుక ఈ చిన్న ఏర్పాటుకూ భాగం ఉంది.

ప్లగ్గు తగలగానే జరిగేది కొత్తగా ఊరికి వచ్చిన అతిథిని పలకరించడం వంటిది. రెండు సమాచార తీగలలో దేని మీద వోల్టేజి నిలిచిందో చూసి, వచ్చినది నెమ్మది పరికరమా, వేగపు పరికరమా అని కంప్యూటరు గ్రహిస్తుంది. తరువాత “నీవు ఎవరు?” అని అడుగుతుంది. పరికరం తన తయారీదారు సంఖ్యనూ, తన రకం సంఖ్యనూ, తనకు కావలసిన విద్యుత్తు ఎంతో చెబుతుంది. కంప్యూటరు దానికి 1 నుండి 127 లోపు ఒక చిరునామా ఇస్తుంది. ఆ కారణంగానే ఒక యూఎస్‌బీ దారి మీద గరిష్ఠంగా 127 పరికరాలు ఉండగలవు. తొలుత ప్రతి పరికరానికీ 100 మిల్లీ ఆంపియర్లే అనుమతి. అడిగి అనుమతి పొందితే 500 వరకు. పిలుపు గంటల తగాదా ఇక లేదు. ఎందుకంటే పరికరాలు తమంతట తాము అరవవు, కంప్యూటరే వంతుల వారీగా ప్రతి దానినీ పలకరిస్తుంది.

తడబడిన తొలి అడుగులు

నిర్దేశం వెలువడినంత మాత్రాన లోకం మారలేదు. 1996, 1997 సంవత్సరాలలో కంప్యూటర్ల వెనుక ఈ ద్వారాలు కనిపించసాగినా వాటిలో పెట్టడానికి పరికరాలు అరుదు. ఆపరేటింగ్ సిస్టమ్ సహకారం అరకొర. 1998 ఏప్రిల్ 20వ తేదీన చికాగో నగరంలో జరిగిన కంప్యూటరు ప్రదర్శనలో, బిల్ గేట్స్ వేదికపై ఉండగా, రాబోయే విండోస్ 98 గొప్పతనం చూపడానికి ఒక స్కానరును యూఎస్‌బీ ద్వారానికి తగిలించారు. తగిలించగానే తెర అంతా నీలమై కంప్యూటరు ఆగిపోయింది. సభ నవ్వులతో మారుమోగింది. గేట్స్ కూడా నవ్వి, అందుకే ఇంకా దీనిని విడుదల చేయలేదన్న భావంతో చమత్కరించారు.

అదే ఏడాది దశ తిరిగింది. జూన్‌లో విండోస్ 98 విడుదలై యూఎస్‌బీకి తగిన ఆసరా ఇచ్చింది. ఆగస్టులో ఆపిల్ సంస్థ ఐమ్యాక్ కంప్యూటరును అమ్మకానికి తెచ్చింది. అందులో ఆ సంస్థ పాత ద్వారాలనూ, ఫ్లాపీ డ్రైవునూ తొలగించి, కీబోర్డుకూ మౌస్‌కూ ప్రింటరుకూ యూఎస్‌బీనే పెట్టింది. నిర్దేశం రాసిన ఏడు సంస్థలలో ఆపిల్ లేదు. అయినా పాతదానిని వదిలే సాహసం అదే ముందుగా చేసింది. పరికరాల తయారీదారులకు ఇక తప్పించుకునే దారి లేకపోయింది. 2000 ఏప్రిల్‌లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగాన్ని సెకనుకు 48 కోట్ల బిట్లకు పెంచింది. అదే సంవత్సరం తొలి పెన్‌డ్రైవ్‌లు అంగడికి వచ్చాయి. వాటిలో 8 మెగాబైట్ల నిల్వ గలది కూడా గొప్పే, ఎందుకంటే ఫ్లాపీ పట్టేది 1.44 మెగాబైట్లే.

వేగం కాదు, వెల గెలిచింది

ఆ కాలంలో యూఎస్‌బీకి బలమైన పోటీదారు ఉండేది. దాని పేరు ఫైర్‌వైర్. 1995లోనే ప్రమాణంగా స్థిరపడిన ఆ పద్ధతి వేగం సెకనుకు 40 కోట్ల బిట్లు. అంటే తొలి యూఎస్‌బీ కంటే ముప్పై రెట్లకు పైగా ఎక్కువ. వీడియో కెమెరాలకు అది ఎంతో అనువైనది. అయినా నేడు దాని పేరు తెలిసినవారు తక్కువ. కారణాలలో ఒకటి వెల. ఫైర్‌వైర్ ద్వారం పెట్టుకునే తయారీదారులు ఒక్కొక్క ద్వారానికి ఒక డాలరు చొప్పున చెల్లించాలని ఒక దశలో ఆపిల్ కోరింది. తరువాత ఆ రుసుము తగ్గినా, తయారీదారుల మనసులో పడిన బెరుకు పోలేదు. దాని చిప్పు కూడా యూఎస్‌బీ చిప్పు కంటే ఖరీదైనది.

యూఎస్‌బీ వెనుక ఉన్న సంస్థలు ఇందుకు భిన్నమైన దారి పట్టాయి. నిర్దేశాన్ని అందరూ చదవవచ్చు. ఒప్పందానికి కట్టుబడి పరికరం చేసేవారు దాని పేటెంట్లకు రాయల్టీ, అంటే వాడకపు రుసుము, చెల్లించనక్కరలేదు. బావి తవ్వినవారు నీటికి కడవ లెక్కన డబ్బు వసూలు చేయక, చేద మాత్రం ఒకే కొలతలో ఉండాలని కోరినట్లయింది. ఇంటెల్‌కు ఇందులో లాభం లేదనుకోరాదు. వాడుక సులభమైతే కంప్యూటర్లు ఎక్కువగా అమ్ముడవుతాయి, వాటిలోని చిప్పులూ అమ్ముడవుతాయి. అజయ్ భట్‌కు మాత్రం ఈ ఆవిష్కరణ వలన వేరుగా సిరి కలగలేదు. ధనం కోసం కాక మార్పు కోసమే చేశానన్నది ఆయన మాట. 2009లో ఇంటెల్ ఆయనను సినీ తారలా చూపుతూ ఒక వాణిజ్య ప్రకటన తీసింది. విశేషమేమంటే అందులో అజయ్ భట్‌గా కనిపించినది ఆయన కాదు, ఒక నటుడు.

తిరగబడని ప్లగ్గు

యూఎస్‌బీ ప్లగ్గును తొలిసారే సరిగా పెట్టగలిగినవారు అరుదు. ఒకసారి పెడితే పట్టదు, తిప్పితే పట్టదు, మళ్ళీ తిప్పితే పడుతుంది. ఈ విసుగు గురించి 2019లో అమెరికా ప్రజా రేడియో అడిగినప్పుడు అజయ్ భట్ తప్పును దాచలేదు. అన్నింటికంటే పెద్ద చికాకు అదేనని ఒప్పుకుని, కారణం వివరించారు. రెండు వైపులా పట్టే ప్లగ్గు చేయాలంటే తీగలూ, లోపలి సర్క్యూట్లూ రెట్టింపు కావాలి. ఖర్చు కూడా రెట్టింపవుతుంది. అప్పటికి ఇంకా నమ్మకం కుదరని ఒక కొత్త ద్వారానికి ఆ ఖర్చు పెట్టమంటే తయారీదారులు ముందుకు వచ్చేవారు కారు.

ఆ లోపం దిద్దుకోవడానికి పద్దెనిమిది ఏళ్ళు పట్టింది. 2014 ఆగస్టులో ఖరారైన టైప్-సి ప్లగ్గులో ఇరవై నాలుగు సూదులు ఉన్నాయి. దానిని ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. నాలుగు నుండి ఇరవై నాలుగుకు పెరగడం చూస్తే, తొలినాడే అది సాధ్యం కాదన్న మాటలో నిజం ఉందని తెలుస్తుంది. అందరికీ అందే ధర కోసం ఒక సౌకర్యాన్ని వదులుకోవడం ఆనాటి ఎంపిక. ఆ ఎంపిక వల్లనే మారుమూల గ్రామంలోని కంప్యూటరు కేంద్రం వరకు అది చేరగలిగింది.

అతిథిని నమ్మే గుణమే ముప్పు

యూఎస్‌బీలో మరొక లోపం కూడా ఉంది. అది ప్లగ్గు ఆకారం వలె కంటికి కనిపించదు. వచ్చిన పరికరం తన గురించి ఏది చెబితే దానిని కంప్యూటరు నమ్ముతుంది. “కీబోర్డును” అంటే కీబోర్డుగానే స్వీకరిస్తుంది. 2014లో కార్స్టెన్ నోల్, యాకోబ్ లెల్ అనే జర్మన్ పరిశోధకులు ఈ సంగతిని లోకానికి చూపారు. పైకి పెన్‌డ్రైవ్‌లా కనిపించే పరికరం లోపలి చిప్పును మార్చి రాస్తే, అది కీబోర్డుగా చెప్పుకుని, యజమాని ప్రమేయం లేకుండా ఆజ్ఞలు టైపు చేయగలదు. తలుపు బలంగా ఉన్నా, తట్టిన ప్రతివారికీ తెరిస్తే కాపలా ఉన్నట్లా?

అంతకు ముందే పెన్‌డ్రైవ్‌లు వైరస్‌లకు వాహనాలయ్యాయి. డ్రైవు పెట్టగానే అందులోని ప్రోగ్రాము దానంతట అదే నడిచే ‘ఆటోరన్’ సౌకర్యం ఇందుకు ఊతమిచ్చింది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్ కూర్పులలోనూ పెన్‌డ్రైవ్‌లకు ఆ సౌకర్యాన్ని నిలిపివేసే సవరణ పంపింది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకేది. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రపు యంత్రాలను అది దెబ్బతీసింది. అంతర్జాలం లేని చోటికి కూడా జేబులో ఇమిడే డ్రైవు చేరగలదని అది రుజువు చేసింది.

గ్రామ కుటుంబాలకు ఎదురయ్యేది ఇంతటి ముప్పు కాకపోవచ్చు. కానీ రెండు రాష్ట్రాల కార్యాలయాల చుట్టూ తిరిగే సరిహద్దు కుటుంబాలకు కుల, నివాస, విద్యా ధ్రువపత్రాల నకళ్ళు ప్రాణప్రదమైనవి. జిరాక్సు దుకాణంలో ఒకసారి పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ మాయమై, వాటి స్థానంలో బాణం గుర్తుతో షార్ట్‌కట్‌లు కనిపించడం చాలామందికి అనుభవమే. అటువంటప్పుడు కంగారుపడి ఫార్మాట్ చేయరాదు. ఈ రకం వైరస్ సాధారణంగా ఫోల్డర్లను చెరపదు, దాచివేస్తుంది. షార్ట్‌కట్ నొక్కితే వైరస్ నడుస్తుంది. కనుక దానిని నొక్కక, తెలిసినవారి చేత వైరస్ తొలగింపజేసి, దాగిన ఫోల్డర్లను బయటికి తీయించుకోవచ్చు.

వాడేవారు గుర్తుంచుకోవలసినవి

యంత్రపు గుణం తెలిస్తే జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటిది, పెన్‌డ్రైవ్ శాశ్వతమైన పెట్టె కాదు. అందులోని సమాచారం అతి సూక్ష్మమైన గదులలో విద్యుదావేశం రూపంలో నిలుస్తుంది. ఏళ్ళ తరబడి వాడకుండా ఉంచితే ఆ ఆవేశం కొద్దికొద్దిగా కారిపోవచ్చు. ముఖ్యమైన పత్రాలు, పెళ్ళి ఫొటోలు, పెద్దల చిత్రాలు కనీసం రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. అసలు కాగితం ఎలాగూ భద్రంగా ఉండాలి.

రెండవది, నకలు జరుగుతుండగా డ్రైవును లాగరాదు. తెరపై పని ముగిసినట్లు కనిపించినా కొంత సమాచారం ఇంకా రాయవలసి ఉండవచ్చు. 2018 చివర వచ్చిన విండోస్ 10 కూర్పు నుండి త్వరగా తీయడానికి అనువైన పద్ధతి అమలులోకి వచ్చినా, పాత యంత్రాలలో ‘సురక్షితంగా తొలగించు’ అనే ఆజ్ఞ ఇచ్చి తీయడమే మేలు.

మూడవది, బయటి దుకాణానికి తీసుకువెళ్ళే డ్రైవులో ఆనాటికి కావలసిన పత్రం మాత్రమే ఉండాలి. ఇంటి పత్రాలన్నీ ఉన్న డ్రైవు గడప దాటరాదు. దారిలో దొరికిన డ్రైవును ఆసక్తి కొద్దీ కంప్యూటరుకు పెట్టరాదు.

నాలుగవది, డ్రైవు ఎక్కడైనా పడుతుంది కానీ అందులోని తెలుగు అక్షరాలు అన్నిచోట్లా కనిపిస్తాయన్న నమ్మకం లేదు. పాత డీటీపీ అక్షర శైలులలో రాసిన పత్రం, ఆ శైలి లేని కంప్యూటరులో అర్థం కాని గుర్తులుగా మారుతుంది. యూనికోడ్‌లో రాసిన తెలుగుకు ఆ బాధ లేదు. ద్వారానికి యూఎస్‌బీ ఎటువంటిదో, అక్షరానికి యూనికోడ్ అటువంటిది.

ఆకారం ఒకటే, గుణం వేరు

యూఎస్‌బీ తొలుత ఛార్జరుగా పుట్టలేదు. సమాచారంతో పాటు కొద్ది విద్యుత్తు పంపడమే దాని ఉద్దేశం. ఫోన్లు ఆ విద్యుత్తును వాడుకోవడం మొదలుపెట్టిన తరువాత, 2007లో బ్యాటరీ ఛార్జింగ్‌కు ప్రత్యేక నిర్దేశం వచ్చింది. తరువాతి నిర్దేశాల వలన 2012 నుండి 100 వాట్ల వరకు, 2021 నుండి 240 వాట్ల వరకు పంపగలిగారు. తొలి ద్వారం ఇచ్చినది కేవలం రెండున్నర వాట్లు. నేడు ల్యాప్‌టాప్‌లు కూడా ఈ తీగతోనే ఛార్జి అవుతున్నాయి.

ప్రభుత్వాలు కూడా ఈ విషయంలో కలుగజేసుకున్నాయి. వాడకుండా పారవేసే ఛార్జర్ల వలన ఏడాదికి సుమారు 11,000 టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగవుతోందని ఐరోపా సమాఖ్య అంచనా వేసింది. 2022లో అది చేసిన చట్టం ప్రకారం 2024 డిసెంబరు 28వ తేదీ నుండి అక్కడ కొత్తగా అమ్మే ఫోన్లకు టైప్-సి ద్వారం తప్పనిసరి అయింది. అంతకు ముందే, 2023 సెప్టెంబరులో, ఆపిల్ తన ఐఫోన్‌ను ఆ ద్వారానికి మార్చింది. భారతదేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2023 జనవరిలో టైప్-సి ప్రమాణాన్ని వెలువరించింది.

అయితే ఒక కొత్త తికమక కూడా తలెత్తింది. పూర్వం ద్వారాలు వేరువేరు కనుక తప్పు తీగ అసలు పట్టేదే కాదు. ఇప్పుడు అన్ని తీగలూ అన్నింటికీ పడతాయి, కానీ అన్ని తీగలూ ఒకే పని చేయవు. చవకగా దొరికే ఒక టైప్-సి తీగ 2000 సంవత్సరపు వేగంతోనే సమాచారం పంపవచ్చు. మరొకటి విద్యుత్తు మాత్రమే మోయవచ్చు, లోపల సమాచారపు తీగలే ఉండకపోవచ్చు. ఫోనులోని ఫొటోలు కంప్యూటరుకు చేరకపోతే చాలాసార్లు దోషం ఫోనుది కాదు, తీగది. కనుక కొనేటప్పుడు తీగ పట్టిందా అని మాత్రమే కాక, ఎన్ని వాట్లు మోస్తుంది, సమాచారం పంపుతుందా లేదా అని కూడా అడగాలి.

సంతలో కొలతలు ఒకటైన తరువాత కూడా తక్కెడ ముల్లును చూసే అలవాటు పెద్దలు మానలేదు. కిలో అన్న మాట అంతటా ఒక్కటే అయినా, రాయి సరైనదా కాదా అని చూసుకునే బాధ్యత కొనేవారికి మిగిలే ఉంది. యూఎస్‌బీ కథ చెప్పేదీ అదే. పోటీదారులు ఒక మాట మీద నిలిచి, రుసుము అడగక, ధర తగ్గించినందున ఒక ఇంజనీరు ఇంటి చికాకు లోకమంతటికీ ఒక పరిష్కారాన్ని ఇచ్చింది. ద్వారం అందరిదీ అయింది. ఆ ద్వారంలో ఏది పెట్టాలో, ఎవరి డ్రైవును నమ్మాలో, ఏ పత్రాన్ని ఎక్కడ దాచుకోవాలో తేల్చుకోవలసినవారు మాత్రం వాడేవారే.